పెద్దల ఆన్‌లైన్ క్లాసుల్లో చర్చ నడిపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పేవాళ్లు, టాలీ, జీఎస్టీ నేర్పేవాళ్లు, ఓపెన్ డిగ్రీ విద్యార్థులకు సాయంత్రం క్లాసులు తీసుకునేవాళ్లు, దూరవిద్య బీఈడీ కౌన్సెలర్లు... హైదరాబాద్‌లో ఎవరు కలిసినా చివరికి వచ్చే మాట ఇదే: "పాఠం బాగానే నడుస్తోందండీ, కానీ ఒక్కరూ నోరు విప్పరు." అదే సందేహం రకరకాలుగా తిరిగి తిరిగి వస్తుంటే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఇక్కడ పెద్దలంటే ఉద్యోగమో, దుకాణమో, ఇల్లో చూసుకుంటూ చదువుకునేవాళ్లు. ఎక్కణ్ణుంచి చదివినా ఫర్వాలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చర్చ నడవకపోవడానికి యాప్ కారణం కావడం అరుదు. అడిగిన ప్రశ్నకు వాళ్ల అనుభవంతో పని లేకపోవడం, పదిమందిలో పరువు పోతుందన్న బెరుకు, ఈ రెండే అసలు కారణాలు.

## బ్యాచ్ మొదలయ్యే ముందు

పెద్దవాళ్లకు చర్చలెందుకు? పాఠం చెప్పి నోట్స్ ఇస్తే చాలదా?

పరీక్ష గట్టెక్కడానికైతే చాలాసార్లు చాలు. నేర్చుకున్నది సోమవారం పొద్దున ఆఫీసులో వాడాలంటే చాలదు. పెద్దల విద్య మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ మాల్కమ్ నోల్స్ చెప్పిన మాట ఒకటుంది: పిల్లలకు అనుభవం అంటే తమకు జరిగిన సంగతులు, పెద్దలకు అనుభవమంటే తామే. దాన్ని క్లాసులో పక్కనబెడితే మనిషినే పక్కనబెట్టినట్టు అనిపిస్తుంది. నాచారంలో ఏదో ఫ్యాక్టరీ స్టోర్స్ చూసుకునే మనిషికి స్టాక్ లెక్కల గురించి మీకంటే ఎక్కువే తెలిసి ఉండొచ్చు. ఆయన్ని గంటసేపు మ్యూట్‌లో కూర్చోబెడితే నష్టం మొత్తం క్లాసుకే.

ఇంకో సంగతి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే మొదలైంది. ఇవాళ అంబేడ్కర్ పేరుతో జూబ్లీహిల్స్‌లో ఉన్నది అదే. ఇలాంటి చదువుల్లో ఆదివారం స్టడీ సెంటర్‌కు వెళ్లి వచ్చినవాళ్లను అడగండి, పాఠం ఎంత నేర్చుకున్నారో మధ్యలో చాయ్ దగ్గర కూడా అంతే నేర్చుకున్నామంటారు. ఆ చాయ్ కబుర్లు ఎవరూ ఏర్పాటు చేయకుండానే జరిగేవి. ఆన్‌లైన్‌లో చాయ్ బండి లేదు, కాబట్టి ఆ పని టీచర్ మీద పడింది.

ఏ టైమ్ పెడితే ఎక్కువమంది మాట్లాడతారు?

సాయంత్రం ఏడింటికి పెడితే హాజరు బాగుంటుంది, చర్చ ఉండదు. ఆ వేళకు సగంమంది రాయదుర్గం నుంచి వచ్చే మెట్రోలో నిలబడి ఉంటారు, మిగతా సగం ట్రాఫిక్‌లో. లాగిన్ అవుతారు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటారు, మాట్లాడలేరు. ఎనిమిదిన్నర తర్వాత మేలే కానీ, వంటింటి పని ఒంటిచేత్తో చేసుకునే ఆడవాళ్లకు అప్పుడే పని ఎక్కువ. అమెరికా షిఫ్టుల వాళ్లకు సాయంత్రం అంటే ఆఫీసు, వాళ్లకు పొద్దున ఏడే నయం. రంజాన్ నెలలో ఇఫ్తార్ నుంచి తరావీ దాకా క్లాసు పెడితే పాతబస్తీ విద్యార్థులు ఉండరు. సంక్రాంతికి ఊరే ఖాళీ. ప్రకటన వేసేముందు మూడు టైములు ఇచ్చి పోల్ పెట్టండి. "ఎప్పుడు రాగలరు?" అని మాత్రం అడగొద్దు, "ఎప్పుడు గొంతు విప్పి మాట్లాడగలరు?" అని అడగండి. రెండింటికీ జవాబులు వేరుగా వస్తాయి.

వాట్సాప్ గ్రూప్ సరిపోతుందా, గూగుల్ క్లాస్‌రూమ్, మూడుల్ లాంటివి కావాలా?

ఇరవై మంది లోపు బ్యాచ్‌కు వాట్సాప్ చాలు. అందరూ రోజూ చూసేది అదే. రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఫోన్ నంబర్లు అందరికీ కనబడతాయి. ముక్కూమొహం తెలియని వాళ్లకు తమ నంబరు వెళ్లడం చాలామంది ఆడవాళ్లకు ఇష్టం ఉండదు, పైకి చెప్పరు, గ్రూప్‌లో రాయడం మానేస్తారు. రెండు, నిన్నటి చర్చ ఇవాళ్టి ఫార్వర్డుల కింద పడిపోతుంది.

గూగుల్ క్లాస్‌రూమ్‌లో నంబర్లు బయటపడవు, ఒక్కో ప్రశ్న కింద దాని జవాబులే ఉంటాయి. మూడుల్ అంటే మన సొంత సర్వరు మీద పెట్టుకుని ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్. అందులో నాకు నచ్చే సదుపాయం వేరే ఉంది: ప్రశ్న–జవాబు రకం చర్చ పెడితే, విద్యార్థి తన జవాబు రాసేదాకా మిగతావాళ్లవి కనబడవు. మొదట రాసినవాళ్ల మాటే అందరూ తిప్పి రాసే అలవాటుకు అది మంచి మందు. అయితే దాన్ని నడపడానికి సర్వరు, చూసుకునే మనిషి ఉండాలి. ఒక్కరే నడిపే చిన్న ఇన్‌స్టిట్యూట్‌కు అంత అక్కర్లేదు.

మొదటి క్లాసు పరిచయాలకే అయిపోతోంది. మానేయొచ్చా?

పేరు, ఊరు, ఉద్యోగం చెప్పించే తంతు మానేయండి. దానివల్ల జరిగేది ఒకటే: పెద్ద కంపెనీ పేరు విన్నాక ఇంట్లో ఉండే ఆమె, చిన్న షాపులో గుమస్తా నోరు మూసుకుంటారు. బదులుగా ఇలా అడగండి: "మీ పనిలో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఏంటి?" ఇంటి పనికైనా, ఆటో నడపడానికైనా, బ్యాంకు కౌంటర్‌కైనా ఈ ప్రశ్న వర్తిస్తుంది. ప్రతి ఒక్కరూ ఏదో ఒకదాంట్లో తెలిసినవాళ్లుగా క్లాసులో అడుగుపెడతారు. తలా అర నిమిషం, చాట్‌లో రాసినా సరే.

## ప్రశ్న తయారుచేసేటప్పుడు

"ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటే అందరూ "లేవు సార్". మరి ఎలా అడగాలి?

ఆ ప్రశ్నకు "ఉంది" అనడమంటే "నాకు అర్థం కాలేదు" అని నలుగురి ముందు ఒప్పుకోవడం. నలభై ఏళ్ల మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోడు. "అర్థమైందా?" కూడా అంతే. ఇక జీఎస్టీ పాఠంలో "కాంపోజిషన్ స్కీమ్ లక్షణాలేంటి?" లాంటివి (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టేసే పద్ధతి అది) బడి ప్రశ్నలు. జవాబు స్లయిడ్‌లోనే ఉంటే చర్చించడానికి ఏం మిగిలింది?

అదే పాఠానికి ఈ ప్రశ్న చూడండి: "బేగంబజార్‌లో మసాలా దినుసుల హోల్‌సేల్ వ్యాపారి. కాంపోజిషన్‌లో ఉన్నాడు. కర్నూలు నుంచి పెద్ద ఆర్డర్ వచ్చింది. ఒప్పుకోమంటారా, వద్దంటారా?"

ఇందులో ముందు ఒక మెలిక ఉంది. 2014 తర్వాత కర్నూలు వేరే రాష్ట్రం. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. ఎవరో ఒకరు ఆ మాట పట్టుకుంటారు. అసలు చర్చ అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఒక్క ఆర్డర్ కోసం స్కీమ్ వదులుకోవాలా? వదులుకుంటే పన్ను మామూలుగా కట్టాలి, లెక్కలు పెరుగుతాయి. కానీ ఇప్పటిదాకా అతని దగ్గర కొన్న వ్యాపారులకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రావట్లేదు, ఇకనుంచి వస్తుంది, కాబట్టి కొత్త గిరాకీ దొరకొచ్చు. దుకాణం నడిపేవాడు ఒకటి చెప్తాడు, ఆడిటర్ దగ్గర పనిచేసే అమ్మాయి ఇంకోటి చెప్తుంది. ఇద్దరి మాటలోనూ పస ఉంటుంది. నియమాలన్నీ మీరు చెప్పకుండానే మధ్యలో బయటికొస్తాయి, ఎందుకంటే వాదనకు అవి కావాలి.

చర్చకు పనికొచ్చే ప్రశ్నకు నేను చూసే గుర్తులు మూడే: ఒక మనిషి, ఒక నిర్ణయం, రెండు వైపులా కొంత న్యాయం. గూగుల్‌లో వెతికితే ఒక్క ముక్కలో జవాబు దొరికేదైతే అది క్విజ్‌కు ఉంచుకోండి.

నా సబ్జెక్టు అంతా థియరీ. ఇలాంటి ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి?

ఇంట్లో, వీధిలో. బీఈడీలో పియాజే చెప్పాలనుకోండి, పిల్లల ఆలోచన వయసుతో దశలుగా ఎలా మారుతుందో చెప్పిన మనస్తత్వ శాస్త్రవేత్త. దశల పేర్లు, వయసులు వల్లెవేయించేకంటే ముందురోజు చిన్న పని ఇవ్వండి. ఇంట్లోనో పక్కింట్లోనో నాలుగైదేళ్ల పిల్లలుంటే ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి చూపించాలి. తర్వాత వాళ్ల కళ్లముందే ఒకదాంట్లోవి సన్నటి పొడుగు గ్లాసులోకి మార్చి "ఏది ఎక్కువ?" అని అడగాలి. పిల్లాడు ఏమన్నాడో అలాగే రాసుకురావాలి.

మర్నాడు క్లాసు ఎవరూ నడిపించక్కర్లేదు. చాలామంది పిల్లలు పొడుగు గ్లాసు చూపించారని తెలుస్తుంది. ఒకరి పిల్లాడు మాత్రం "రెండూ ఒకటే" అని ఉంటాడు. ఎందుకలా? ముందే ఎవరైనా చెప్పారా, ఇంట్లో పాలు కొలిచి పోసే పని చూస్తున్నాడా, లేక పియాజే చెప్పిన వయసులు అంత గట్టివి కావా? ఏడేళ్లలోపు పిల్లలకు ఈ పరిమాణం సంగతి సాధారణంగా పట్టుబడదని పుస్తకం చెప్తుంది. క్లాసు ఇప్పుడు పుస్తకంతోనే వాదిస్తోంది. థియరీ చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదు.

చరిత్ర, రాజనీతిశాస్త్రం చెప్పేవాళ్లకు ఇంకా తేలిక. మీ వార్డులో చెత్త ఎవరు ఎత్తాలి, ఎవరు ఎత్తుతున్నారు అన్న ఒక్క ప్రశ్నతో స్థానిక పాలన పాఠమంతా లాగొచ్చు.

ఒక క్లాసులో ఎన్ని చర్చలు పెట్టొచ్చు?

గంట క్లాసుకు ఒకటి. రెండో ప్రశ్న జేబులో పెట్టుకోండి, మొదటిది ఐదు నిమిషాల్లో చల్లారిపోతే తీయండి.

తెలుగులో మాట్లాడనివ్వాలా, ఇంగ్లిష్‌లోనే అనాలా?

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు తప్ప మిగతా అన్నింట్లోనూ నోటికొచ్చిన భాష. మన నగరంలో ఒకే క్లాసులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలిసి వస్తాయి. ఇంగ్లిష్ అని గీత గీస్తే ఆలోచన ఉన్నవాళ్లు ఆగిపోతారు, ఇంగ్లిష్ ఉన్నవాళ్లు మాట్లాడతారు. ఒకరు దక్కనీలో చెప్తే ఇంకొకరు తెలుగులో అందుకోనివ్వండి. సాంకేతిక పదాలు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి.

యాస సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నల్లగొండ నుంచి వచ్చినాయన "గట్ల కాదు సార్" అన్నప్పుడు చాట్‌లో ఒక్క నవ్వు బొమ్మ పడితే చాలు, ఆయన కోర్సు అయ్యేదాకా మాట్లాడడు. కోస్తా యాసకు, సీమ యాసకూ ఇదే జరుగుతుంది. మొదటి రోజే చెప్పేయండి: ఇక్కడ మాట చూస్తాం, యాస చూడం. మీరు కూడా మీ ఇంటి తెలుగు దాచుకోకుండా మాట్లాడితే ఆ మాటకు విలువ.

## లైవ్ క్లాసులో

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగాలి? నిశ్శబ్దం భరించలేకపోతున్నాను.

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల రికార్డింగులు విని గమనించింది: టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, తర్వాత తామే మాట్లాడేస్తున్నారు. మూడు సెకన్లు, అంతకంటే ఎక్కువ ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడేవాళ్లు పెరిగారు. అది ఎదురెదురుగా కూర్చున్న పిల్లల సంగతి. ఆన్‌లైన్‌లో మ్యూట్ తీయాలి, పక్కగదిలో టీవీ తగ్గించమనాలి, నెట్ ఒక క్షణం వెనక నడుస్తుంది. పది సెకన్లు మనసులో లెక్కపెట్టుకోండి. ప్రశ్నను స్క్రీన్ మీద రాసి ఉంచితే ఆ నిశ్శబ్దం అంత ఇబ్బందిగా ఉండదు.

అదే సమయాన్ని చాట్‌తో కూడా వాడొచ్చు. "అందరూ జవాబు టైప్ చేయండి, కానీ నేను చెప్పేదాకా పంపొద్దు" అని ఒక నిమిషం ఇచ్చి, "ఇప్పుడు పంపండి" అనండి. జవాబులన్నీ ఒక్కసారిగా పడతాయి. ఎవరూ ఎవర్నీ చూసి రాసే వీలుండదు, ముందుగా మాట్లాడాల్సిన బెరుకూ ఉండదు. వాటిలో ఒకదానికొకటి పడని రెండు జవాబులు ఎంచుకుని ఆ ఇద్దరితో మాట్లాడించండి. నాకు అన్నింటికంటే బాగా పనిచేసే పద్ధతి ఇదే.

ఎప్పుడూ ఆ నలుగురే మాట్లాడతారు. మిగతావాళ్లను ఎలా కదపాలి?

ఆ నలుగుర్నీ ఆపితే మిగతావాళ్లు మాట్లాడతారనుకోవద్దు, క్లాసే ఆగిపోతుంది. వాళ్లకు పని మార్చండి. బాగా మాట్లాడే ఆయనకు విడిగా ఫోన్ చేసి, "అన్నా, ఈరోజు చివర్లో అందరూ చెప్పింది మీరు రెండు నిమిషాల్లో చెప్పాలి" అనండి. వినకుండా చెప్పలేడు కాబట్టి వింటాడు, గౌరవం దక్కింది కాబట్టి నొచ్చుకోడు.

మిగతావాళ్లను హఠాత్తుగా పేరుపెట్టి పిలవొద్దు. ముందురోజు సందేశం పెట్టండి: "మీరు ఆసుపత్రి బిల్లింగ్‌లో పనిచేస్తారు కదా, రేపు ఇన్సూరెన్స్ తిరస్కరణ గురించి ఒక ఉదాహరణ చెప్తారా?" రాత్రంతా ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది, మర్నాడు నలుగురిలో తడబడరు.

కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టాలా?

వద్దు. ఒకే గది ఇల్లు, వెనక ఆరేసిన బట్టలు, నిద్రపోతున్న అత్తగారు, అయిపోవస్తున్న ఆ రోజు డేటా. కెమెరా ఆపడానికి చాలా మర్యాదైన కారణాలుంటాయి. పైగా గంటసేపు తన మొహం తానే చూసుకోవడం అలసట తెప్పిస్తుందని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాశాడు. చిన్న గుంపులో మాట్లాడేటప్పుడు వీలైనవాళ్లు పెట్టుకుంటే బాగుంటుందని చెప్పి వదిలేయండి.

బ్రేకౌట్ గదుల్లోకి (మీటింగ్‌లోనే విడగొట్టే చిన్న గుంపుల్లోకి) పంపితే అక్కడా మౌనమే. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, లోపలికి వెళ్లాక ఏం చేయాలో తెలియకపోవడం. "చర్చించుకోండి" అంటే ఎవరు మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. నలుగురికి మించకుండా పంపండి. ఎవరు మొదలుపెట్టాలో మీరే చెప్పండి, "వయసులో చిన్నవాళ్లు మొదలుపెట్టండి" అంటే అక్కడే కాస్త నవ్వుకుంటారు, మాట కలుస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఒక వాక్యం తేవాలి: "ఆర్డర్ ఒప్పుకుంటాం, ఎందుకంటే..." అని. ఏడు నిమిషాలు చాలు. పదిహేను ఇస్తే సగం సమయం "ఏ ఏరియా మీది?" అన్నదాంట్లోనే పోతుంది. అది వృథా అని కాదు, మొదటి వారం అదీ కావాలి.

జూమ్ ఉచిత ఖాతాలో గదులున్నాయి కానీ మీటింగ్ నలభై నిమిషాలకు కట్ అవుతుంది, చర్చను ముందు సగంలోనే పెట్టుకోండి. గదులు లేని యాప్ వాడుతుంటే వాట్సాప్‌లో నలుగురేసి గ్రూప్ కాల్ చేసుకుని తిరిగి రమ్మనండి. కాస్త గందరగోళంగా ఉంటుంది, పని జరుగుతుంది.

మా బ్యాచ్‌లో వందమంది. చర్చ అసలు సాధ్యమా?

అందరూ మాట్లాడటం సాధ్యం కాదు, అందరూ తేల్చుకోవడం సాధ్యమే. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి పెద్ద క్లాసుల్లో వాడిన పద్ధతి ఇది: ప్రశ్న వేసి ఓటు వేయించడం, జవాబు చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమనడం, మళ్లీ ఓటు. మీరు పోల్ పెట్టి, మధ్యలో చిన్న గుంపులకు పంపి, తిరిగొచ్చాక మళ్లీ పోల్ పెట్టండి. మొదటి ఓటులో సరైన జవాబు ముప్పై నుంచి డెబ్బై శాతం మధ్య ఉంటేనే వాదనకు అర్థం. అందరికీ తెలిసినదైతే ముందుకు వెళ్లండి, ఎవరికీ తెలియనిదైతే ముందు పాఠం చెప్పండి. ఓటు మార్చుకున్నవాళ్లలో ఒకర్ని "ఏ మాట విని మార్చుకున్నారు?" అని అడగండి. క్లాసులో వినదగ్గ జవాబు అదే.

వయసులో నాకంటే పెద్దవాళ్లున్నారు. ఎలా పిలవాలి? తప్పు చెప్తే ఎలా సరిదిద్దాలి?

పేరు పక్కన గారు, మాట చివర అండీ. ఎవర్నీ నువ్వు అనకండి, ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి కూడా. ఒకర్ని మీరు, ఇంకొకర్ని నువ్వు అన్నారంటే క్లాసులో మెట్లు వేసినట్టే. వాళ్లలో వాళ్లు అన్నా, అక్కా, భాయ్ అనుకుంటే సంతోషమే.

తప్పు చెప్పినప్పుడు "రాంగ్" అనేయొద్దు, అలాగని "చాలా బాగా చెప్పారు" అని దాటేయడం ఇంకా పెద్ద అన్యాయం. పెద్దవాళ్లు డబ్బు, నిద్ర రెండూ ఖర్చుపెట్టి వచ్చారు, సరైన సంగతి తెలియాలి. "మీరు చెప్పింది పాత వ్యాట్ పద్ధతికి సరిపోతుందండీ, 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఇది మారింది" లాంటి మాటలో తప్పు తప్పుగానే తెలుస్తుంది, ఆయన అనుభవం మాత్రం చెత్తబుట్టలో పడదు.

చర్చను రికార్డ్ చేయొచ్చా?

పాఠం రికార్డ్ చేయండి, చర్చ మొదలవగానే ఆపండి, ఆపామని పైకి చెప్పండి. తన మేనేజర్ గురించో, తన ఇంటి అప్పు గురించో చెప్పబోయే మనిషి ఆ ఎర్రచుక్క చూసి మాట మింగేస్తాడు. రాలేనివాళ్ల కోసం చర్చ సారాంశం అరపేజీ రాసి పెట్టండి.

## క్లాసుకీ క్లాసుకీ మధ్య, రాతలో

గ్రూప్‌లో ప్రశ్న పెడితే బొటనవేలి బొమ్మలు, గుడ్ మార్నింగులే వస్తాయి. ఏం చేయాలి?

గుడ్ మార్నింగులకు వేరే గ్రూప్ పెట్టి అక్కడికి పంపండి, నిషేధిస్తే మనసు కష్టపెట్టుకుంటారు. ప్రశ్నను వారానికి ఒక నిర్ణీత రోజున పెట్టి, ఎప్పుడు మూస్తారో అందులోనే రాయండి. చివరిరోజు లేని ప్రశ్నకు ఎవరూ జవాబు రాయరు. కొత్త సందేశంగా కాకుండా, ఎవరి మాటకు బదులిస్తున్నారో ఆ సందేశాన్ని పక్కకు జరిపి దానికే రిప్లై ఇవ్వమని చెప్పండి. లేకపోతే మూడు వాదనలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

చాలామందికి టైపింగ్ రాదు, ముఖ్యంగా తెలుగులో.

వాయిస్ నోట్ ఒప్పుకోండి, నిమిషం దాటకూడదన్న షరతుతో. గూగుల్ కీబోర్డ్‌లో మైక్ నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా పడతాయి, మొదటి వారంలో ఐదు నిమిషాలు కేటాయించి అది చేసి చూపించండి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా ఏమీ అనకండి.

వాళ్లు రాయగానే నేను జవాబివ్వాలా?

వెంటనే ఇస్తే అక్కడితో చర్చ అయిపోయినట్టే. సార్ చెప్పేశాక ఎవరు మాట్లాడతారు? కనీసం ఒక రోజు ఆగండి. చదివానని తెలియడానికి మధ్యలో చిన్న ప్రశ్న వేయండి: "ఇదే పరిస్థితి జీతం మీద బతికేవాళ్లకు వస్తే?" మూసేటప్పుడు మాత్రం తప్పకుండా రాయండి, పేర్లతో సహా: ఫలానావారు ఈ కోణం చూపించారు, ఫలానావారు దానికి అభ్యంతరం చెప్పారు, సంగతి ఇక్కడిదాకా తేలింది. తమ పేరు కనబడ్డవాళ్లు తర్వాతి వారం కూడా రాస్తారు.

చాట్‌జీపీటీ జవాబులు అతికిస్తున్నారు. ఎలా ఆపాలి?

పట్టుకునే సాఫ్ట్‌వేర్ల వెంటపడకండి, వాటి తీర్పును నమ్మి ఒక పెద్దమనిషిని దొంగను చేస్తే మళ్లీ మొహం చూడలేరు. ప్రశ్న మార్చండి. "ద్రవ్యోల్బణం ప్రభావాలు రాయండి" అంటే యంత్రమే బాగా రాస్తుంది. "మీ వీధి కిరాణాలో నిరుటికీ ఇప్పటికీ ధర మారని వస్తువు ఒకటి కనుక్కుని, ఎందుకు మారలేదో దుకాణదారుణ్ణి అడిగి చెప్పండి" అంటే దుకాణానికి వెళ్లాల్సిందే. ఇంగ్లిష్ బాగా రాదన్న బెరుకుతోనే చాలామంది యంత్రం దగ్గరికి వెళ్తారు, తెలుగులో వాయిస్ నోట్ చాలంటే ఆ అవసరం సగం తీరిపోతుంది.

## చిక్కులొచ్చినప్పుడు

"మేం ఫీజు కట్టింది మీరు చెప్తే వినడానికి, వీళ్ల మాటలు వినడానికి కాదు" అంటున్నారు.

న్యాయమైన ఫిర్యాదే. చర్చ ఎటూ తేలకుండా వదిలేసే క్లాసుల్లో ఇది ఎక్కువగా వినబడుతుంది. చర్చ ముందు ఎందుకు చేస్తున్నామో ఒక వాక్యం, చివర ఏం తేలిందో మూడు వాక్యాలు మీ నోటితో చెప్పండి, పరీక్షలో ఇది ఎక్కడ పనికొస్తుందో కూడా. మనందరం టీచర్ చెప్తుంటే రాసుకునే బళ్లలో పెరిగినవాళ్లం, తోటివాళ్ల దగ్గర నేర్చుకోవడం కూడా చదువే అని నమ్మడానికి కొన్ని వారాలు పడుతుంది. అయినా కొందరికి నచ్చదు. వాళ్లకు రికార్డింగ్, నోట్స్ ఇవ్వండి, బలవంతం వద్దు.

రాజకీయం, కులం, మతం మీదికి మాట మళ్లితే?

పాఠానికి సంబంధం లేకపోతే అక్కడే ఆపేయండి, ఎవరి వైపూ తీసుకోకుండా. సంబంధం ఉంటే, ఉదాహరణకు రిజర్వేషన్లు సిలబస్‌లోనే ఉంటే, తప్పించుకోకండి. ముందుగా రెండు నియమాలు పెట్టండి: మనిషి మీద కాదు మాట మీద మాట్లాడాలి, ఎదుటివాళ్లు చెప్పింది వాళ్లు ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే తన వాదన మొదలుపెట్టాలి. రెండోది వినడానికి చిన్నదే, గొంతు సగానికి తగ్గిస్తుంది. హద్దు దాటినవాళ్లతో గ్రూప్‌లో కాకుండా ఫోన్లో మాట్లాడండి. ఎన్నికల వారంలో ఇలాంటి పాఠం పెట్టుకోకపోవడమే తెలివి.

కొందరు కోర్సు మొత్తం ఒక్క మాటా మాట్లాడరు. వదిలేయాలా?

ముందు కారణం తెలుసుకోండి. పాపను ఒళ్లో పెట్టుకుని వింటున్నవాళ్లుంటారు, నత్తి ఉన్నవాళ్లుంటారు, బాస్ కూడా అదే బ్యాచ్‌లో ఉన్నవాళ్లుంటారు. పేరు లేకుండా రాసే గూగుల్ ఫారం ఒకటి తెరిచి ఉంచండి. ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆపేయడం మర్చిపోవద్దు. అందులో వచ్చినవి మీరే చదివి వినిపించండి. వినడం కూడా పాల్గొనడమే, అసైన్‌మెంట్లు బాగా వస్తున్నంతవరకు మౌనాన్ని రోగంలా చూడక్కర్లేదు.

## మార్కులు, ముగింపు

చర్చకు మార్కులు పెట్టాలా?

"ఒక పోస్టు, రెండు రిప్లైలు" అన్న నియమం చాలాచోట్ల ఉంది. నాకు అది నచ్చదు. దాంతో వచ్చేది "మీరు చెప్పింది నిజం, నేను ఏకీభవిస్తున్నాను" అన్న వరస మాత్రమే. ఇవ్వాల్సి వస్తే కొద్దిగా ఇవ్వండి, లెక్క చూసి కాకుండా పని చూసి ఇవ్వండి. కోర్సు చివర ప్రతి ఒక్కరూ తాము మాట్లాడిన, రాసిన వాటిలో మంచివి రెండు, ఇంకొకరి మాట విని తమ అభిప్రాయం మారినది ఒకటి ఎంచి ఇవ్వాలి. వాటికే మార్కులు. దిద్దే పనీ తగ్గుతుంది.

చర్చ బాగా జరిగిందని ఎలా తెలుస్తుంది?

వాళ్లు మిమ్మల్ని కాకుండా ఒకర్నొకరు పేరుపెట్టి పిలిచి బదులిస్తున్నారా చూడండి. మొదటి వారాల్లో ప్రతి మాటా "సార్" తోనే మొదలవుతుంది. అది "ఇందాక అక్క చెప్పినట్టు" అని మారితే గాడిన పడ్డట్టు. పాల్గొన్నవాళ్ల సంఖ్య దీనంత నమ్మదగ్గది కాదు.

కోర్సు అయిపోయాక గ్రూప్ మూసేయాలా?

మీరు తప్పుకుని, అడ్మిన్ బాధ్యత వాళ్లలో ఇద్దరికి ఇవ్వండి, అందులో ఒకరు ఆడవాళ్లయితే మంచిది. ఉండాలో వద్దో ఎవరికి వారు తేల్చుకునేలా వారం ముందే చెప్పండి. ఉద్యోగాల సమాచారం, రిటర్నుల గడువులు, పరీక్ష ఫీజు తేదీల కోసం చాలా గ్రూపులు ఆ తర్వాత కూడా నడుస్తూనే ఉంటాయి.